కిడ్నీ మార్పిడి తర్వాత ఇంట్లో జాగ్రత్తలు – నా అనుభవం

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, సోంపేట దగ్గర పల్లె. మా వైపు కిడ్నీ జబ్బు ఎవరికీ కొత్త కాదు, అసలు ఎందుకు వస్తోందో ఇప్పటికీ గట్టిగా తేల్చలేదు. నాకూ వచ్చింది, కొన్నాళ్ళు డయాలసిస్ మీద ఉన్నాను, తర్వాత మా అమ్మ కిడ్నీ ఇచ్చింది, ఆపరేషన్ విశాఖలో అయింది. ఆపరేషన్ గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను రాసేది ఇంటికొచ్చాక సంగతి, ఎందుకంటే ఆపరేషన్ డాక్టర్లు చేస్తారు, ఆ తర్వాతదంతా మనమే చెయ్యాలి.

డిశ్చార్జ్ రోజు ఒక కాగితం ఇచ్చారు, రెండు వైపులా తినొచ్చు తినకూడదు, చెయ్యొచ్చు చెయ్యకూడదు అని నిండా ఉంది, ఎందుకు అని మాత్రం ఒక్కదానికీ లేదు. నాకు కారణం తెలియకపోతే ఏదీ ఎక్కువ రోజులు నిలవదు, అందుకే ప్రతి చెకప్‌కీ ప్రశ్నలు నోట్‌బుక్‌లో రాస్కుని వెళ్ళి ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ మేడమ్‌ని అడిగేదాన్ని. ఆవిడ ఓపిగ్గా చెప్పేవారు. ఇక్కడ రాసేవి చాలావరకు అలా తెలుసుకున్నవే.

ముందు మందులు. టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, ప్రెడ్నిసోలోన్ ఈ మూడూ మెయిన్. కొత్త కిడ్నీని ఒంట్లోని రోగనిరోధక శక్తి తనది కాదని గుర్తుపట్టి పాడుచేస్తుంది, అలా చెయ్యకుండా దాన్ని అణిచి ఉంచేవి ఇవి. ఒంట్లో బాగున్నా సరే ఆపకూడదు, బాగున్నది వాటివల్లే. టాక్రోలిమస్ నాకు పొద్దున ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి, పన్నెండు గంటల తేడా. టైమ్ దాటిపోయి డోస్ పోయిందనుకోండి, తర్వాతసారి రెండూ కలిపి వేస్కోకూడదు, ఫోన్ చేసి అడగాలి. వాంతి అయినా అంతే. విరేచనాలు పట్టుకుంటే ఇంకా జాగ్రత్త, అప్పుడు ఈ మందు ఎక్కువగా రక్తంలోకి వెళ్ళిపోతుందట, పైగా ఒంట్లో నీరు పోయి కిడ్నీ మీద దెబ్బ పడుతుంది.

లెవెల్ టెస్ట్, అంటే రక్తంలో టాక్రోలిమస్ ఎంత ఉందో చూసే పరీక్ష, దాని గురించి గట్టిగా చెప్పాలి. రక్తం ఇచ్చే రోజు పొద్దున టాబ్లెట్ వేస్కోకుండా వెళ్ళాలి, ఇచ్చిన వెంటనే వేస్కోవాలి, చూడాల్సింది రాత్రి డోస్ తర్వాత ఎంత మిగిలిందనేది కాబట్టి. నాతోపాటు క్యూలో కూర్చున్నావిడ టాబ్లెట్ వేస్కుని వచ్చేశానంది, నేను వెంటనే లోపలికి వెళ్ళి చెప్పమన్నాను, లేకపోతే రిపోర్ట్‌లో ఎక్కువ కనిపించి డాక్టర్ డోస్ తగ్గించేస్తే కిడ్నీ రిజెక్షన్‌కి, అంటే ఒళ్ళు దాన్ని తిప్పికొట్టే స్థితికి, వెళ్ళే ప్రమాదం ఉంది. మందుల షాపువాళ్ళు ఈ కంపెనీది లేదు వేరేది ఇస్తాం రెండూ ఒకటే అంటారు, డాక్టర్‌ని అడక్కుండా తీస్కోకండి, బ్రాండ్ మారిస్తే మళ్ళీ లెవెల్ చూసుకోవాలి.

మా పెరట్లో పంపర పనస చెట్టుంది, ఏటా విరగ్గాస్తుంది. కాగితంలో గ్రేప్ ఫ్రూట్ అని రాసుంది, మా ఊళ్ళో ఆ పండు ఎవరు చూశారు. మేడమ్‌ని అడిగితే పంపర పనస కూడా ఆ జాతిదే, అసలు ముట్టుకోవద్దు అన్నారు. పేగుల్లో, లివర్లో టాక్రోలిమస్‌ని విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటుంటుంది, ఈ పండు దాన్ని పనిచెయ్యనివ్వదు, మందు రక్తంలో పేరుకుపోయి కిడ్నీకే హాని చేస్తుంది. మన దగ్గర ఇచ్చే కాగితాల్లో పంపర పనస అని తెలుగులో రాయాలి అని నేను ఆవిడకి చెప్పాను కూడా. తామరకి షాపుల్లో ఇచ్చే ఫ్లుకోనజోల్ టాబ్లెట్ కూడా ఇలాగే లెవెల్ పెంచేస్తుంది, టీబీకి వాడే రిఫాంపిసిన్ అయితే బాగా తగ్గించేస్తుంది. అందుకే జ్వరమొచ్చినా దగ్గొచ్చినా ఏ డాక్టర్ దగ్గరకెళ్ళినా మొదటి మాట నాకు కిడ్నీ మార్పిడి అయింది అనే. నొప్పి బిళ్ళలు, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి అస్సలు వద్దు, మా వైపు పొలం పన్లు చేసొచ్చి ఒళ్ళు నొప్పులని ఆర్ఎంపీ దగ్గర అవే అడిగి వేస్కుంటారు. అవసరమైతే పారాసిటమాల్ చాలు. తిప్పతీగ కషాయం తాగమని చాలామంది చెప్పారు ఇమ్యూనిటీ పెరుగుతుందని, మేం మందులేస్కునేదే అది పెరక్కుండా ఉండటానికి కదా, ఆ ఒక్క మాట చెప్తే అర్థం చేస్కున్నారు.

నీళ్ళ సంగతి మాత్రం నాకు చాలా కష్టమైంది. డయాలసిస్ రోజుల్లో రోజుకి లీటరు లోపే, అందులోనే టీ, మజ్జిగ, చారు అన్నీ లెక్క, నోరు ఎండిపోతే ఐసు ముక్క చప్పరించేదాన్ని. ఇప్పుడు రోజుకి మూడు లీటర్లు తాగమన్నారు. తాగాలంటే భయం, ఆయాసం వస్తుందేమో కాళ్ళు వాస్తాయేమో అని, గ్లాసు పట్టుకుని కూర్చునేదాన్ని, అమ్మ పక్కన కూర్చుని నా కిడ్నీకి నీళ్ళు పొయ్యవే అనేది. తాగింది, పోసింది రెండూ కొలిచి రాస్కోవడం మొదలుపెట్టాక భయం పోయింది, రెండూ దగ్గర దగ్గరగా ఉన్నాయని కళ్ళతో చూశాను. చుట్టూ కొబ్బరి తోటలే అయినా బొండం మాత్రం మొదట్లో వద్దన్నారు, టాక్రోలిమస్ పొటాషియం పెంచుతుంది, ఇన్ఫెక్షన్ రాకుండా ఇచ్చే సెప్ట్రాన్ కూడా పెంచుతుంది, బొండంలో అసలే పొటాషియం ఎక్కువ. రిపోర్ట్ బాగా వచ్చాకే అప్పుడప్పుడు తాగమన్నారు.

తిండి విషయంలో మాకు చద్దన్నం అలవాటు, అది పూర్తిగా మానేశాను, రాత్రంతా బయటున్న అన్నంలో పెరిగే సూక్ష్మజీవులు మామూలు మనిషిని ఏమీ చెయ్యకపోవచ్చు, మమ్మల్ని ఆస్పత్రిలో పడేస్తాయి. వేడిగా వండిన చోడి అంబలి తాగుతున్నా. ఎండు చేప, ఆవకాయ ఉప్పు వల్ల పక్కన పెట్టాను, బీపీ పెరిగితే కిడ్నీ పాడవుతుంది. పచ్చి కూరలు, కోసి అమ్మే పళ్ళు, బయట జ్యూసులు, పానీపూరీ లేవు. ప్రెడ్నిసోలోన్ స్టెరాయిడ్ మందు, దానికి విపరీతమైన ఆకలి వేసేది, షుగర్ కూడా కొంచెం పెరిగింది, ఇది మందులవల్లే చాలామందికి వస్తుందన్నారు. అన్నం తగ్గించి, కూర పెంచి, పొద్దున్నే నడిచాక ఇప్పుడు అదుపులో ఉంది.

అన్నింటికంటే కష్టం వద్దు అని చెప్పడం. సత్యనారాయణ వ్రతంలో పంచామృతం పచ్చి పాలతో చేస్తారు, ప్రసాదం వద్దంటే మా పెద్దమ్మ "దేవుడి ప్రసాదానికి ఏటైపోద్దమ్మా" అని బాధపడింది. నేను గోధుమ రవ్వ ప్రసాదం పొయ్యి మీద నుంచి దించగానే నాకు విడిగా తీసిపెట్టు పెద్దమ్మా అన్నాను. ఇప్పుడు ఆవిడే ఏ ఇంట్లో శుభకార్యమైనా నా గిన్నె ముందు పక్కన పెట్టిస్తోంది, ఎవరైనా బలవంతం చేస్తే నాకంటే ముందు ఆవిడే కోప్పడుతుంది.

నేను బట్టలు కుడతాను. మొదటి నెలల్లో చేతులు వణికి సూదిలో దారం ఎక్కేది కాదు, అది టాక్రోలిమస్ వల్ల, డాక్టర్ డోస్ తగ్గించుకుంటూ వచ్చాక చాలా తగ్గింది. పెళ్ళీడు ఆడపిల్లలకీ, పిల్లలు కావాలనుకునే వాళ్ళకీ ఒకటి చెప్పాలి, మైకోఫెనోలేట్ వాడుతూ గర్భం వస్తే బిడ్డకి అవకరాలు వచ్చే ప్రమాదం ఉంది, ముందే డాక్టర్‌కి చెప్తే మందు మారుస్తారు, సిగ్గుపడి దాచకండి.

ఇంకొకటి, కిడ్నీ ఇచ్చినవాళ్ళ గురించి. వాళ్ళూ ఏడాదికోసారి క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష), బీపీ, యూరిన్‌లో ప్రొటీన్ చూపించుకోవాలి, నొప్పి బిళ్ళలకి దూరంగా ఉండాలి. ఇంట్లో అందరి కళ్ళూ పేషెంట్ మీదే ఉంటాయి, ఇచ్చిన మనిషి నాకేం బానే ఉన్నాను అంటే నమ్మేసి వదిలేస్తారు. మా అమ్మ కూడా అదే మాట అంటుంది. నేను ఊరుకోను, నాకు అపాయింట్‌మెంట్ పెట్టిన రోజే అమ్మకీ పెట్టించి ఇద్దరం కలిసే వెళ్తున్నాం.