ఫీజు కంటే ముందు అడగాల్సిన మాట

మొన్న ఆదివారం జగిత్యాల నుంచి మా తమ్ముడు హనుమకొండ వచ్చాడు. చేతిలో రంగుల కరపత్రం. "అక్కా, చిన్నోణ్ని ఎంబీబీఎస్‌కు కిర్గిజ్‌స్తాన్ పంపిద్దామనుకుంటున్నాను. ఫీజు వాయిదాల్లో కట్టొచ్చట" అన్నాడు. మంచుకొండలు, హాస్టలు, తెలుగు వంటమనిషి, అన్నీ ఉన్నాయందులో. చదువు ముగించి వచ్చాక ఇక్కడ వైద్యం చేయాలంటే ఏం కావాలో మాత్రం ఒక్క ముక్కా లేదు. 2013లో నా కూతురిని పంపినప్పుడు నాకిచ్చిన కాగితంలోనూ లేదు.

అమ్మాయి 2019లో పట్టాతో వచ్చింది. విదేశాల్లో చదివినవారికి పెట్టే ఎఫ్‌ఎంజీఈ పరీక్ష 300 మార్కులకు, 150 వస్తేనే గట్టెక్కినట్టు. మొదటిసారి 138. ఆ అంకె చూసి, ఫోను బోర్లించి, వంటింట్లోకి వెళ్లి పప్పుగుత్తి అందుకుంది. పప్పు ఎప్పుడో మెదిగిపోయినా ఎనుపుతూనే ఉంది. ఆ పరీక్ష ఏడాదికి రెండుసార్లే. మూడోసారికి నెగ్గింది. ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్, ఆ తర్వాతే రాష్ట్ర వైద్య మండలిలో శాశ్వత రిజిస్ట్రేషన్.

మా ఆడపడుచు కూతురిది కాకతీయ మెడికల్ కాలేజీ. నాలుగున్నరేళ్ల చదువు, తాత్కాలిక రిజిస్ట్రేషన్, ఎంజీఎం ఆసుపత్రిలో ఏడాది ఇంటర్న్‌షిప్, వెంటనే శాశ్వత నంబరు. పరీక్ష పెట్టడం తప్పని నేననను. నాడి పట్టే చేతికి ఆ మాత్రం పరీక్ష ఉండాల్సిందే. కడుపు మండేదల్లా ముందుగా చెప్పనందుకే.

ఇప్పుడు నిబంధనలు ఇంకా బిగిశాయి. 2021 నవంబరులో జాతీయ వైద్య కమిషన్ తెచ్చిన నియమాల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలుండాలి, బోధన ఇంగ్లీషులో జరగాలి. అక్కడే, అదే సంస్థలో, 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. ఇక్కడికొచ్చాక మరో 12 నెలలు. చేరిన నాటి నుంచి పదేళ్లలో చదువు, శిక్షణ పూర్తి కావాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆ దేశంలో అక్కడి పౌరుల్లాగే వైద్యం చేసే లైసెన్సుకు అర్హత ఉండాలి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. కరపత్రంలో 'గుర్తింపు ఉంది' అని రాసినంత మాత్రాన లైసెన్సు వస్తుందని కాదు.

మా మేనల్లుడు కరపత్రం వెనక్కి తిప్పి ఇవన్నీ రాసుకున్నాడు. అక్కడికక్కడే ఏజెంటుకు ఫోను చేశాడు. "అవన్నీ చేరాక చూసుకుందాం" అన్నాడతను. తమ్ముడు నా వైపు చూశాడు.

"రాతపూర్వకంగా ఇమ్మను. అప్పటిదాకా అడ్వాన్సు కట్టకు" అన్నాను.

ఇంకా కట్టలేదు.