జపాన్ ఇంట్లో పిల్లల రాత్రి స్నానం

జపాన్‌లో పిల్లలు తల రుద్దుకునేదీ ఒళ్లు రుద్దుకునేదీ తొట్టి బయటే. తొట్టి వేడినీళ్లలో నానడానికి మాత్రమే. ఆ నీళ్లలోనే తర్వాత అమ్మా, నాన్నా, తాతా దిగుతారు కాబట్టి, మాటలు వచ్చీరాని వయసులోనే ఈ పద్ధతి నేర్పేస్తారు.

వంటగది గోడమీద బటన్ నొక్కితే దాదాపు 200 లీటర్లు వాటంతటవే నిండుతాయి. పెద్దలకు 41, 42 డిగ్రీలైనా ఫర్వాలేదు గానీ పిల్లలుంటే 38 నుంచి 40 మధ్య పెట్టాలి. బటన్ నొక్కేముందు తొట్టి అడుగున బిరడా పెట్టారో లేదో చూడాలి. అది మరిచిపోతే నీళ్లన్నీ కాలవపాలు.

పిల్లల్ని చిన్న పీటమీద కూర్చోబెట్టి, ముందు కాళ్లమీద, తర్వాత పైకి నీళ్లు పోయాలి. ఒంటిమీద నురగ చుక్క మిగలకూడదు. పొడుగు జుట్టు ముడి వేయాలి, తువ్వాలు నీళ్లలో ముంచకూడదు. తొట్టిలో భుజాల దాకా మునిగి చిన్నవాళ్లు పది లెక్కపెడతారు, కాస్త పెద్దవాళ్లు వంద. అంకెలు చాలామందికి ఇక్కడే వస్తాయి. రోజంతా ఆఫీసులో ఉండే నాన్న బడి కబుర్లు వినేదీ ఈ కాసేపే. నా దృష్టిలో ఈ స్నానం అసలు విలువ అదే. ముఖం కందిపోతే మాత్రం లెక్క పూర్తికాకపోయినా బయటికి తీసేయాలి.

అందరి స్నానాలూ అయ్యేదాకా వేడి పోకుండా తొట్టిమీద మూత వేస్తారు. మిగిలిన నీళ్లను గొట్టంతో వాషింగ్ మెషిన్‌లోకి తోడుకుంటారు. అవి ఉతకడానికే, జాడించడానికి మంచినీళ్లే వాడాలి. నడక నేర్చే పిల్లలున్న ఇంట్లో మాత్రం నీళ్లు అస్సలు నిలవ ఉంచకూడదు. వాళ్లకు తల బరువెక్కువ, తొంగిచూస్తే తలకిందులుగా పడిపోతారు. మెత్తటి మూత ఎక్కితే అది వంగి లోపలికి జారతారు. తలుపు గడియ పిల్లలకు అందనంత ఎత్తున ఉండాలి.

మే 5న, పిల్లల పండుగ రోజు, తొట్టిలో వస మొక్క పొడుగాటి వాసన ఆకులు వేస్తారు. డిసెంబరులో పగలు అతి తక్కువగా ఉండే రోజున యుజు అనే నిమ్మజాతి పళ్లు తేలుతుంటాయి.

అక్కడ కాపురం పెట్టిన తెలుగువాళ్లకు బయట కూర్చుని పోసుకోవడం కొత్తేమీ కాదు. తలంటు రోజునే జాగ్రత్త కావాలి. నూనె పూర్తిగా వదలకుండా తొట్టిలో దిగితే అది పైన తెట్టులా తేలి తర్వాతివాళ్ల ఒంటికి అంటుతుంది. సున్నిపిండితో రుద్దితే బయట నేలమీది జాలీలో జుట్టుతో కలిసి ముద్దకడుతుంది, ఆ జాలీని అదే రాత్రి ఎత్తి కడిగేయాలి.