విల్లు వంగింది గానీ నారి దారికి రాలేదు

చెక్క విల్లులో టిల్లరింగే, అంటే పిడికి అటూ ఇటూ ఉండే లింబులు సమంగా వంగేలా చెక్కడమే అసలు పరీక్ష, కొనలదేముంది, చివర్లో నారి తగిలించడానికి రెండు గాడులు కొడితే అయిపోతుంది అని నాకు చెప్పినవాళ్లందరి మీదా ఇప్పుడు పీకల దాకా కోపంగా ఉంది. టిల్లరింగ్ హాయిగా అయిపోయింది. హికరీ అనే గట్టి చెక్క బద్ద, రెండు లింబులూ సమంగా వంగాయి. నన్ను ఏడిపించింది ఆ చివరి అంగుళమే.

గాడులు కొట్టడం పెద్ద పనేం కాదు. 4 మి.మీ. గుండ్రటి ఆకురాయి చాలు. కొన నుంచి ఓ 2 సెం.మీ. వదిలి, రెండు పక్కలా, దాదాపు 45 డిగ్రీల ఏటవాలుగా కొట్టాలి. గాడి వీపు వైపు కొనకి దగ్గరగా మొదలై, పొట్ట వైపుకి వచ్చేసరికి పిడి వైపుకి దిగాలి. వీపు అంటే గురి వైపు ఉండే ముఖం, పొట్ట అంటే మన వైపు ఉండేది. వీపు మీద మాత్రం ఆకురాయి తగలనివ్వకండి. అక్కడ పీచు తెగిందా, అక్కడి నుంచే పేడు లేస్తుంది.

నారి ఎక్కించి పొట్ట వైపు నుంచి చూశాను. పిడి నడిమధ్యన పోవాల్సిన నారి 4 మి.మీ. ఎడమకి పోతోంది. 4 మి.మీ.లే కదా అనుకోకండి. నారి పక్కకి లాగేకొద్దీ లింబు మెలి తిరుగుతుంది, మెలి తిరిగేకొద్దీ నారి ఇంకా పక్కకి పోతుంది.

విళ్లు చెయ్యడంలో చెయ్యి తిరిగిన పెద్దమనిషి ఒకాయన ఉన్నారు, ఆయనకి చూపించాను. ఒక కన్ను మూసి, విల్లుని తిప్పి తిప్పి చూసి, అక్కడున్న అందరికీ వినపడేలా "ఏం బాబూ, వంకర కర్రకి తాడు కట్టుకొచ్చావా?" అన్నారు. ఒకటే నవ్వులు. నేర్చుకుందామని వచ్చినవాడిని నలుగురిలో నవ్వులపాలు చేస్తే ఏం ఒరుగుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పోనీ చెప్పిందైనా పూర్తిగా చెప్పారా అంటే, "ఎడమ గాడి కాస్త లోతు చెయ్యి, అదే వస్తుంది" అని లేచి వెళ్లిపోయారు.

ఇంటికొచ్చి పై కొనలో ఎడమ గాడిని 2 మి.మీ. లోతు చేశాను. నారి కదిలిందో లేదో కూడా తెలియలేదు. స్కేలు పెట్టి చూస్తే అర మి.మీ. కదిలింది. చాలాసేపు బుర్ర గోక్కున్నాక కాగితం మీద గీసుకుంటే గానీ విషయం బోధపడలేదు. నారి ఉచ్చు నిలబడేది రెండు గాడుల అడుగులకి సరిగ్గా మధ్యన. ఒక పక్క 2 మి.మీ. తీస్తే ఆ మధ్య జరిగేది 1 మి.మీ. మాత్రమే. ఇక రెండో కొన ఉన్నచోటే ఉంది కాబట్టి, విల్లు నడుమన ఉన్న పిడి దగ్గరికొచ్చేసరికి అందులోనూ సగమే మిగులుతుంది. అంటే నా 4 మి.మీ. సరిచెయ్యాలంటే లెక్క ప్రకారం రెండు కొనల్లోనూ చెరో 8 మి.మీ. తియ్యాలి! "కాస్త లోతు" అట.

నిజానికి అంత అవసరం పడలేదు. మెలి తగ్గేకొద్దీ నారి లెక్క కన్నా ఎక్కువే జరుగుతూ వచ్చింది, చెరో 6 దగ్గర ఆపేశాను. కొంచెం తియ్యడం, నారి ఎక్కించడం, చూడడం, దించడం. విసుగొస్తుంది, వేరే దారి లేదు. ఇంకో సంగతి, రెండో కొన చెక్కడానికి విల్లు తిప్పి పట్టుకోగానే కుడి ఎడమలు తారుమారవుతాయి. తియ్యాల్సిన పక్కన పెన్సిల్‌తో పెద్ద ఇంటూ గుర్తు పెట్టుకోండి.

ఇదంతా కుదిరింది కొనలు ఇంకా 20 మి.మీ. వెడల్పు ఉండబట్టే. ముందే నాజూగ్గా 10కి చెక్కేసుకోమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. వాళ్ల మాట విని ఉంటే ఈ విల్లు గోడకి తగిలించుకోవడానికి తప్ప పనికొచ్చేది కాదు. నారి దారికొచ్చేదాకా కొనల వెడల్పు జోలికి పోకండి.

ఒక పక్క గాడి లోతుగా, ఇంకోటి పైపైన ఉంటే అసహ్యంగా లేదా అని ఒకరు అడిగారు. 1545లో మునిగిపోయిన మేరీ రోజ్ అనే ఇంగ్లిష్ యుద్ధ నౌకలో దొరికిన, యూ అనే చెట్టు చెక్కతో చేసిన విళ్లు చూడమన్నాను. వాటి కొనలకి అప్పట్లో కొమ్ము తొడుగులుండేవి, గాడి ఒక పక్కనే. యుద్ధానికి పనికొచ్చింది మనకి పనికిరాదా?

ఎటూ మిగిలిన చెక్క తీసేస్తే ఆ తేడా కూడా కనపడదు. చివరి 15 సెం.మీ. పెద్దగా వంగదు, అక్కడుండే ప్రతి గ్రామూ వేగాన్ని తినేసే బరువే. అయితే తియ్యాల్సింది పక్కల నుంచి, మందం నుంచి కాదు. వెడల్పు సగమైతే బిగువు సగమవుతుంది, మందం సగమైతే ఎనిమిదో వంతుకి పడిపోతుంది. కొనలు 10 మి.మీ.కి వచ్చాక బాణం వదిలినప్పుడు అరచేతిలో ఝల్లుమనే దెబ్బ బాగా తగ్గింది.

డాక్రాన్ అనే పాలియెస్టర్ దారంతో చేసిన నారికి ఉత్త చెక్క చాలు. ఫాస్ట్ ఫ్లైట్ లాంటి సాగని నారి అయితే చెక్కని కోసేస్తుంది, కొనకి వీపు వైపు కొమ్ము ముక్క అంటించాల్సిందే. అప్పుడు గాడిని ఆ కొమ్ము మీదుగా అటు నుంచి ఇటు కలిపెయ్యొచ్చు. కొమ్మని చెప్పి ప్లాస్టిక్ అంటగట్టేవాళ్లున్నారు, కాస్త రాకి ఆ పొడి కాల్చి చూడండి, వెంట్రుకలు కాలిన వాసన రావాలి.

ఆఖరున శాండ్‌పేపర్‌ని సన్నగా చుట్టి గాడి అంచులన్నీ గుండ్రంగా రుద్ది, దూదితో చుట్టూ తుడవండి. ఒక్క పోగు పట్టుకున్నా ఆ అంచు నారిని కొరికేస్తుంది. నాది ఎక్కడా పట్టుకోవడం లేదు, కావాలంటే ఆ పెద్దమనిషినే దూది తెచ్చుకోమనండి.