బండల మీద ఎస్‌ఎల్: టాప్ తీస్తే ముందరద్దం ఊగుడు ఇంకా పోలా

ఆ మధ్య ఒక సాయంత్రం నా మెర్సిడెస్ ఎస్‌ఎల్ రిమోట్ బొమ్మ కారుతో మళ్ళీ అదే కథ. మెత్త స్ప్రింగులు వేసినా గట్టివి వేసినా, డాంపర్లలో (స్ప్రింగు ఊగుడును అణిచే గొట్టాలు) పలుచటి 300 ఆయిల్ పోసినా చిక్కటి 600 పోసినా, టాప్ తెరిచి బండల మీద 25 కిలోమీటర్ల స్పీడుకు తెచ్చినానంటే చాలు, ముందరద్దం ఫ్రేమ్ గజగజ వణుకుతాంది. ఎంత తిక్క లేచిందంటే రిమోట్ మా చిన్నోడి చేతిలో పెట్టేసి అరుగు మీద కూచున్నా. వాడు ఇంకో రెండు రౌండ్లు తిప్పి "మామా, 30లో బాగానే పోతాంది కదా, 25లోనే ఎందుకు ఊగుతాది?" అన్నాడు. నాకు నిద్ర పట్టకుండా చేసింది ఆ మాటే, దాని గురించే ఈ రాత అంతా.

కొత్తగా చూసేవాళ్ళకు: టామియా కంపెనీ బొమ్మ కార్ల ఛాసిస్ టీటీ-02 మీద మెర్సిడెస్-ఏఎంజీ ఎస్‌ఎల్ బాడీ, సొంతంగా ప్రింట్ చేసింది, టాప్ సర్వోతో (రిమోట్ చెప్పినంత తిరిగే చిన్న మోటారు) తెరుచుకునేది. 2021 అక్టోబర్లో చూపించిన ఆర్‌232 మోడల్. అసలు కారు వీల్‌బేస్ (ముందు వెనక చక్రాల మధ్య దూరం) 2700 మి.మీ., టీటీ-02ది 257, అందుకని స్కేల్ 1/10 కాకుండా 1/10.5 పెట్టుకున్నా, చక్కగా సరిపోయింది. పొడవు 448 వచ్చింది. అసలు బండి బరువు దాదాపు 1950 కిలోలు, దాన్ని అదే లెక్కన కుదిస్తే 1.68 కిలోలు రావల్ల. నాది బ్యాటరీతో కలిపి 1.68 దగ్గరే ఉండాది, ఆ సంతోషం మాత్రం నిజం. టాప్ మెకానిజం పనిచేస్తాంది, 6 సెకన్లలో తెరుచుకుంటాది, దాని గురించి ఇంకేం చెప్పేది లేదు.

బాడీ అంతా ప్రింటర్ ప్లాస్టిక్కుల్లో ఒకటైన పెట్‌జీ. పీఎల్‌ఏతో చేసినోళ్ళు చేసుకోండి గానీ మన కడపలో మే నెల మధ్యాహ్నం కారు డిక్కీలో పెట్టి చూడండి, 60 డిగ్రీలకే మెత్తబడే సరుకు అది, సాయంత్రానికి బానెట్ బొంగరం ఆకారంలోకి వస్తాది. ఏబీఎస్ ఇంకా మేలే కానీ మూత లేని ఎండర్ 3 ప్రింటర్లో అంత పెద్ద ముక్క ప్రింట్ చేస్తే మూలలు లేచిపోతాయి. పెట్‌జీ మధ్యరకం, నాకది చాలు.

ఇక స్ప్రింగుల గోల. ఎస్‌ఎల్ అంటే పాతకాలం నుంచి ఇదే కొట్లాట: స్పోర్ట్స్ కారా, సుఖంగా కూచుని పొయ్యే బండా? తలుపులు రెక్కల్లాగా పైకి లేచే 1954 గల్‌వింగ్ పక్కా రేసు రక్తం, తర్వాత తర్వాత మెత్తబడి మెత్తబడి పెద్దమనిషి బండి అయిపోయింది. ఆర్‌232ని మొత్తం మెర్సిడెస్ స్పీడు కార్ల విభాగం ఏఎంజీ వాళ్ళ చేతికిచ్చి మళ్ళీ గట్టిగా చేయించినారు, దాంతో పాత అభిమానులకు కోపం, కొత్తోళ్ళకు సంబరం. 2023లో మన దేశంలోకి ఎస్‌ఎల్ 55 వచ్చింది 2.35 కోట్ల ఎక్స్‌షోరూమ్‌కు, ఆ ధరకు కూచునేవాడి నడుము గురించి అడగడంలో తప్పేముంది. నేను ఆ రెండూ నా బొమ్మలో తేవాలని మొదలుపెట్టినా, అంటే మలుపులో వంగకూడదు, బండల జాయింట్ల మీద డ్రైవర్ బొమ్మ తల ఊగకూడదు.

దీనికి లెక్క ఒకటుంది, చాలామంది పట్టించుకోరు. చక్రం దగ్గర బండి తన బరువుకు తాను ఎంత కుంగుతాదో స్కేలు పెట్టి కొలిస్తే ఊగే వేగం తెలిసిపోతాది. 4 మి.మీ. కుంగితే సెకనుకు 7.9 ఊగుళ్ళు, 8 మి.మీ. కుంగితే 5.6. చిన్న బండికి టైము కూడా కుదించుకోవల్ల కాబట్టి 10.5కి వర్గమూలం, అంటే 3.24తో భాగిస్తే అసలు కారు లెక్క వస్తాది: గట్టి స్ప్రింగ్ 2.4, అది రేసు కారు, మెత్త స్ప్రింగ్ 1.7, అది మంచి స్పోర్ట్స్ కారు. మెత్తగా పొయ్యే లగ్జరీ కారుకు 1 దగ్గర ఉంటాది, దానికి నా బండి 24 మి.మీ. కుంగాలి, ఈ డాంపర్లో అంత ప్రయాణమే లేదు. సో ఆ ఆశ అక్కడితో సరి. 3 మీటర్ల వెడల్పు గుండ్రంలో తిప్పితే గట్టిదానికి రౌండు 2.9 సెకన్లు, మెత్తదానికి 3.1. పోయేది అంతే, నేను మెత్తదే ఉంచుకున్నా. కిట్లో వచ్చే ఆయిల్ లేని డాంపర్లు మాత్రం ఎవరూ ఉంచుకోరు, అది వేరే మాట.

ఇప్పుడు ఊగుడు సంగతి. టెస్ట్ చేసేది మా వీధి చివర కల్యాణమండపం ముందర, పెళ్ళిళ్ళు లేని రోజుల్లో. మొత్తం కడప బండలే, ఎర్రగుంట్ల పక్కనుంచి వచ్చే నల్ల బండ, రెండడుగుల చదరాలు, జాయింట్లలో సిమెంట్ అక్కడక్కడ లేచిపోయింది. ముందరద్దం పైఅంచు వెనక, సీటు పక్కన, గ్రాఫ్ పేపర్ ముక్క అతికించి, ఫోన్ స్లో మోషన్‌లో సెకనుకు 240 ఫ్రేములతో తీసినా. టాప్ తెరిచి బండలకు నేరుగా పోతే ఫ్రేమ్ అటు 2.5 మి.మీ. ఇటు 2.5. అదే కొంచెం ఏటవాలుగా పోతే 4 మి.మీ. 20లో దాదాపు లేదు, 24 నుంచి 26 మధ్య గరిష్ఠం, 30కి మళ్ళీ తగ్గిపోతాది.

మొదట చక్రాల బ్యాలెన్స్ అనుకున్నా. తీసి, సూది మీద తిప్పి, బ్లూటాక్ జిగురు ముద్ద అతికించి సరిచేసినా, మార్పు లేదు. తర్వాత నడిమి షాఫ్ట్ మీద అనుమానం, ప్లాస్టిక్ షాఫ్ట్ తీసి అల్యూమినియం వేసినా, సౌండు తగ్గింది గానీ ఊగుడు అట్లే. కొప్పర్తి పక్క వెడల్పు రోడ్డు మీద నున్నటి చోట 25లో పోనిచ్చి చూసినా, అక్కడ రవ్వంత కూడా లేదు! అంటే బండిలో తిరిగేదేదీ దోషి కాదు, దోషం బండలకూ బాడీకీ మధ్యనే.

రాత్రి కూచుని లెక్కేసినా. బండ 610 మి.మీ., పది బండలు దాటడానికి వీడియోలో 0.88 సెకను, అంటే సెకనుకు 6.9 మీటర్లు, 25 కిలోమీటర్లు. జాయింట్లు తగిలేది సెకనుకు 11.4 సార్లు. తర్వాత బండిని టేబుల్ మీద పెట్టి అద్దం ఫ్రేమ్‌ను వేలితో మీటి వదిలి స్లో మోషన్ తీసినా. ఒక ఊగుడుకు 21 ఫ్రేములు. 240ని 21తో భాగించండి. 11.4! జాయింట్లు తగిలేదీ అదే లెక్కలో, అందుకే 25లో ఊగుడు పెద్దదైతాంది. ఆ నంబర్ చూసి గట్టిగానే అరిచినా, మా ఆవిడ లోపలినుంచి "ఏమైంది" అనింది.

టాప్ మూసి లాక్ చేసి మళ్ళీ మీటితే 14 ఫ్రేములు, అంటే 17 హెర్ట్జ్, సెకనుకు 17 ఊగుళ్ళు. దానికి సరిపడా స్పీడు 37 దాటాలి, మండపం ముందర అంత దూరం లేదు కాబట్టి టాప్ మూస్తే ఊగుడు కనపడలేదు అంతే. చెప్పుల అట్టపెట్టె మూత తీసి రెండు మూలలు పట్టుకుని తిప్పండి, మూత లేకపోతే ఎంత సులువుగా మెలి తిరుగుతాదో అర్థమైపోతాది. స్ప్రింగులకు దీంతో సంబంధమే లేదు, అందుకే ఏది మార్చినా 25లోనే ఊగుతాండె.

మెలిక కొలవడానికి: వెనక పోస్టులను (బాడీని ఛాసిస్ మీద నిలబెట్టే కడ్డీలు) టేబులుకు క్లాంప్ వేసి, ముందర అడ్డంగా 300 మి.మీ. చెక్కపట్టీ బిగించి, ఒక కొసకు 200 గ్రాముల రాయి వేలాడదీసినా. టాప్ తెరిస్తే కొస 9 మి.మీ. దిగింది. మూస్తే 4. ఇది వేలితో మీటిన లెక్కతో అచ్చంగా కలిసింది, 9ని 4తో భాగించి వర్గమూలం తీస్తే 1.5, 21కీ 14కీ కూడా అదే.

తలుపుల కింద పట్టీల్లో 4 మి.మీ. కార్బన్ రాడ్లు పొడుగునా అంటించినా, ఎంత ధీమాగా ఉన్నానో. 9 కాస్తా 8 అయింది. మీటితే 20 ఫ్రేములు. ఊగుడు 25 నుంచి 26కి జరిగింది, పోలేదు. రాడ్లకయిన డబ్బుకు మంచి సర్వో వచ్చేది. పాత బస్టాండ్ దగ్గర లారీ బాడీలు కట్టే మేస్త్రీకి చూపిస్తే చేతిలోకి తీసుకుని రెండు మూలలు పట్టి తిప్పినాడు, వెంటనే అనేసినాడు: "పొడుగునా ఏస్తే వంగదు అంతే అబ్బోడా, మెలికకు అడ్డంగా, ఐమూలగా కావల్ల. పెట్టె మూసినట్టు ఉండల్ల." అసలు ఓపెన్ టాప్ కార్ల కింద కూడా ఐమూల పట్టీలు వేసేది ఇందుకే.

దాంతో క్యాబిన్ నేల కింద, బ్యాటరీ పైన, 1.5 మి.మీ. అల్యూమినియం పట్టీలు ఎక్స్ ఆకారంలో రివెట్ చేసి, సీట్ల వెనక గోడను డొల్ల పెట్టెలాగా మళ్ళీ ప్రింట్ చేసి అంటించినా. రివెట్ కిందికి వాషర్ లేకుండా పెట్‌జీకి నేరుగా కొడితే పగులుతాది, 3 మి.మీ. వాషర్ తప్పనిసరి. ఇప్పుడు కొస దిగేది 5 మి.మీ. మీటితే 17 ఫ్రేములు, 14 హెర్ట్జ్. గట్టిదనం లెక్కన 15 రావల్సింది, 140 గ్రాముల బరువు పెరిగింది కదా, ఆ ఒక్కటి అది మింగేసింది. 25లో అద్దం ఊగేది ఏటవాలుగా పోయినా 1.5 మి.మీ.కి దిగింది. కానీ 31 దగ్గర ఊగుడు మళ్ళీ ప్రత్యక్షం, చిన్నోడికి 30 దాటించకుండా ఊరుకునే అలవాటు లేదు. మొత్తం బరువు 1.82కి పోయింది, గుండ్రం రౌండు 3.2 సెకన్లు.

ముందరి పోస్టులు రెండూ తీసి మధ్యలో ఒకే పోస్టు పెట్టి, మూడు చోట్ల మాత్రమే బాడీ ఛాసిస్‌కు అంటేలా కూడా చూసినా, ఎందుకంటే ఛాసిస్ మెలిక బాడీకి ఎక్కకూడదని. ఊగుడు నిజంగానే పోయింది! కానీ మలుపు తిరిగేటప్పుడు ముక్కు ఆలస్యంగా వస్తాంది, బాడీ ఒక పక్కకు జారినట్టు కనపడతాది. నాకు నచ్చలా. పోస్టు చుట్టూ రబ్బరు గ్రోమెట్ (రింగు) గట్టిది పెడితే సరిపోతాదేమో అని ఒక అనుమానం, ముక్కు దగ్గర బరువు ఎక్కువైందని ఇంకో అనుమానం.

ఇదంతా చేసినాక ఆర్‌232 చేసినోళ్ళ మీద గౌరవం పెరిగింది. దీని ముందరి ఆర్‌231కి మడిచే గట్టి టాప్. ఆర్‌232లో దాన్ని తీసేసి గుడ్డ టాప్ పెట్టినారు, 21 కిలోలు తగ్గింది, 60 కిలోమీటర్ల లోపు పోతానే 15 సెకన్లలో తెరుచుకుంటాది. గుడ్డ టాప్ మూసినా బాడీకి బలమేమీ ఇవ్వదు కదా, అయినా మెలికకు గట్టిదనం పాతదానికంటే 18 శాతం పెంచినారు, కొత్త అల్యూమినియం ఫ్రేమ్, అద్దం చుట్టూ గట్టి స్టీలు గొట్టం. బాడీ గట్టిగా ఉంటేనే స్ప్రింగ్ మెత్తగా పెట్టుకునే వీలు. "ఏఎంజీ వచ్చి సుఖం పోయింది" అనేవాళ్ళు స్ప్రింగులే చూస్తాండారు, నా ఓటు మాత్రం బాడీ గట్టిగా చేసినోళ్ళకే. పెద్ద టైర్ల సంగతి అడిగితే మాత్రం వాళ్ళతోనే ఉంటా, 21 అంగుళాల రిమ్ములు మన రోడ్లకు దండగ.

నా టాప్ మూడు ముక్కల గట్టి ప్లాస్టిక్, 95 గ్రాములు, తెరిస్తే ఆ బరువంతా వెనక్కి పోతాది. వచ్చే వారం దాన్ని పీకేసి గుడ్డది చేస్తా, గొడుగు గుడ్డ దొరికింది, కమ్మీలతో కలిపి 40 లోపు రావల్ల. మిగిలే 55 గ్రాముల్లో అద్దం ఫ్రేమ్ లోపల 2 మి.మీ. స్టీలు కమ్మీ వంచి దూర్చాలని, టైలర్ షాపులో గుడ్డ కొలతలు కూడా ఇచ్చేసినా. ఫ్రేమ్ పైకొసలో బరువు పెడితే ఊగే వేగం తగ్గే ప్రమాదం ఉంది కాబట్టి కమ్మీ అడుగున లావు, పైన సన్నం ఉండేలా అరగదీయల్ల.

దాని తర్వాతిది ఇంకా పిచ్చి ప్లాన్. ఎస్‌ఎల్ 63లో మామూలు యాంటీ రోల్ బార్ (మలుపులో బాడీ ఒరగకుండా ఆపే కమ్మీ) ఉండదు, డాంపర్లను హైడ్రాలిక్ పైపులతో ఎడమకూ కుడికీ కలిపి ఒరుగుడు ఆపుతారు, నేరు గుంతలో మాత్రం మెత్తగానే ఉంటాది. 55లో మామూలు స్ప్రింగులూ బార్లే. మెడికల్ షాపులో సెలైన్ పైపు సన్నది 2.5 మి.మీ. లోపలి వెడల్పుది తెచ్చి పెట్టుకున్నా, రెండు ముందరి డాంపర్ల మూతలకు రంధ్రం వేసి పాత స్ప్రే బాటిల్ ముక్కులు అంటించి కలిపితే ఏమైతాదో చూడల్ల. గాలి బుడగలు చేరకుండా ఆయిల్ నింపడమే కష్టం, దానికి రెండు సిరంజీలు ఎదురెదురు పెట్టి తోసేది. ఎపాక్సీ సిలికాన్ ఆయిల్ తగిలిన చోట పట్టదు కాబట్టి ముందర పెట్రోలుతో తుడిచి, ఆరబెట్టి, ముక్కులు అంటించిన తర్వాతే ఆయిల్ సీసా మూత తీయల్ల.