కెల్లర్ తాళంచెవి

జర్మనీలోని హాంబుర్గ్‌లో బార్మ్‌బెక్ అనే పేటలో మా అద్దె ఇల్లు. బిల్డింగ్ గుమ్మం పక్కన చిన్న ఫలకం ఉంటుంది: 1943లో ధ్వంసం, 1955లో పునర్నిర్మాణం. ఇలాంటివి ఈ ఊళ్లో చాలా గోడల మీద కనిపిస్తాయి. వచ్చిన కొత్తలో బిల్డర్ పెట్టించిన బోర్డు అనుకుని పట్టించుకోలేదు.

కింది ఇంట్లో ఎనభై ఎనిమిదేళ్ల పెద్దావిడ ఒంటరిగా ఉంటారు. శనివారాలు తాళంచెవి నా చేతిలో పెట్టి, కెల్లర్‌లోంచి బంగాళాదుంపలు తెచ్చిపెట్టమంటారు. కెల్లర్ అంటే బిల్డింగ్ అడుగున సామాన్లు పెట్టుకునే నేలమాళిగ. మోకాళ్ల నొప్పులేమో అనుకున్నాను. కానీ మూడో అంతస్తులో మా ఇంటికి మెట్లెక్కే వస్తారు. కిందికి మాత్రం ఒక్క మెట్టు దిగరు.

ఒకరోజు మా ఆఫీసు ఎక్కడని అడిగారు. హామర్‌బ్రూక్ అన్నాను. "అక్కడ మా పెద్దమ్మ వాళ్లుండేవాళ్లు. ఏడుగురు," అన్నారు. ఇంకేం చెప్పలేదు.

హామర్‌బ్రూక్ అంటే నాకు తెలిసింది అద్దాల ఆఫీసులు, కాలువలు, సాయంత్రం ఆరు దాటితే ఖాళీ అయిపోయే ఎస్-బాన్ (లోకల్ రైలు) స్టేషన్. ఇళ్లు ఎందుకంత తక్కువో ఎప్పుడూ ఆలోచించలేదు. ఒకప్పుడు అది కార్మికుల కుటుంబాలతో కిక్కిరిసిన పేట. రెండో ప్రపంచ యుద్ధంలో, 1943 జూలై 24 నుంచి ఆగస్టు 3 దాకా రాత్రిళ్లు బ్రిటిష్ విమానాలు, మధ్యలో రెండు పగళ్లు అమెరికన్ విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేశాయి. దానికి గొమొర్రా అని పేరు పెట్టారు. బైబిల్లో దేవుడు నిప్పులు కురిపించి కాల్చేసిన ఊరి పేరది. రాడార్ కళ్లు కప్పడానికి అల్యూమినియం రేకు ముక్కలు ఆకాశం నిండా జల్లారు.

జూలై 27 రాత్రి 700కి పైగా విమానాలొచ్చాయి. ఎండలకి అన్నీ ఎండిపోయి ఉన్నాయి. ఫైరింజన్లు చాలావరకు పడమటి వైపు పాత మంటలు ఆర్పుతున్నాయి. పెద్ద బాంబులు కప్పులు లేపేశాక, నిప్పు బాంబులు నేరుగా ఇళ్లలో పడ్డాయి. మంటలన్నీ ఒక్కటై చుట్టూ ఉన్న గాలిని లాగేసుకుని తుఫానులా లేచాయి. రోడ్డు మీద తారు కరిగి పరిగెత్తేవాళ్ల కాళ్లు అతుక్కుపోయాయి. కొందరు కాలువల్లో దూకారు. కెల్లర్లలో దాక్కున్నవాళ్లు వేడికి, మంటల్లోంచి వచ్చిన విషవాయువుకి ఊపిరాడక చనిపోయారు. ఆ పది రోజుల్లో పోయినవాళ్లు 34,000 మందికి పైనే. దాదాపు తొమ్మిది లక్షల మంది ఊరొదిలి వెళ్లారు. నేను లంచ్ బాక్స్ పట్టుకుని కూర్చునే కాలువ గట్టు కూడా ఆ పేటలోదే.

మా కెల్లర్ గోడలో ఒకచోట, మనిషి వంగితే పట్టేంత మేర, ఇటుకల రంగు వేరు. సున్నం కూడా గరుగ్గా ఉంటుంది. దాని గురించి అడిగితే అప్పుడు చెప్పారావిడ. పైన ఇల్లు కొత్తదే గానీ కెల్లర్ పాతదేనట. యుద్ధంలో ఒక ఇంటి కెల్లర్ నుంచి పక్కింటి కెల్లర్‌లోకి తప్పించుకోవడానికి గోడలకి కన్నాలు కొట్టి ఉంచేవారు. బార్మ్‌బెక్ కాలిన రాత్రి వాళ్లమ్మ ఆరేళ్ల ఆవిడని ఆ కన్నంలోంచే అవతలికి తోసింది.

ఈ యుద్ధం మొదలుపెట్టింది జర్మనీయే. వార్సా, రోటర్‌డామ్, కోవెంట్రీ ముందే కాలాయి. మా ఆఫీసుకి దగ్గర్లో ఉండిన హనోవర్ స్టేషన్ నుంచే 8,000 మందికి పైగా యూదులని, సింటీ, రోమా అనే మైనారిటీ జాతుల ప్రజలని రైళ్లెక్కించి పంపేశారు. దాడుల తర్వాత శవాలు తీయించింది కూడా నాయెన్‌గామె నిర్బంధ శిబిరం ఖైదీల చేత. ఇదంతా తెలిసి కూడా, కార్మికుల ఇళ్లని, లోపల పిల్లలున్నారని తెలిసి, కావాలని కాల్చడం తప్పేనంటాను.

మాది విశాఖపట్నం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వైజాగ్ మీద, కాకినాడ మీద బాంబులేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకి పారిపోయారని తాతయ్య చెప్పేవారు. అక్కడ పడినవి కొన్ని బాంబులే. వాటి గురించే మా ఇంట్లో మూడు తరాలుగా చెప్పుకుంటున్నాం. ఈవిడ ఇన్నేళ్లూ ఎవరితో చెప్పుకున్నారో.

మొన్న జూలైలో ఇద్దరం ఓల్స్‌డోర్ఫ్ శ్మశానానికి వెళ్లాం. శిలువ ఆకారంలో సామూహిక సమాధులు, మధ్యలో మన వైతరణిలాంటి నదిని పడవలో దాటుతున్న మనుషుల శిల్పం. సమాధుల మీద అడ్డంగా ఓక్ దూలాలు, ఒక్కోదాని మీద ఒక్కో పేట పేరు చెక్కి ఉంది. హామర్‌బ్రూక్ అని ఉన్న దూలం దగ్గర ఆవిడ ఆగి, నా చెయ్యి పట్టుకుని, ఏడుగురి పేర్లూ ఒక్కొక్కటిగా పైకి చెప్పారు. తర్వాత కాసేపటికి, ఆకలేస్తోంది, ఇంటికెళ్దాం అన్నారు.