మూడో కథ దాకా ఓర్చుకున్నాను

మా కొత్త ఇంట్లో సత్యనారాయణ వ్రతం నాడు మూడో కథ పూర్తయ్యేదాకా ఓర్చుకున్నాను. ఎడమ పిర్ర కింద, కూర్చున్నప్పుడు పీటకు ఆనే ఎముక దగ్గర నిప్పుకణిక పెట్టినట్టుగా ఉంది. బరువంతా కుడివైపు వేశాను. మా అత్తగారు దుప్పటి మడిచి తెచ్చి కిందికి తోశారు. లాభం లేకపోయింది. కొంగుముడి విప్పుకుని లేస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. మిగిలిన రెండు కథలూ మావారు ఒక్కరే పీటల మీద కూర్చుని విన్నారు, నేను గోడకు ఆనుకుని నిలబడి విన్నాను.

అప్పటికి ఆ నొప్పి మొదలై ఏడు నెలలు. నాకు 44 ఏళ్లు, పదేళ్లుగా యోగా చేస్తున్నాను. పశ్చిమోత్తానాసనంలో కాళ్లు చాపి, నుదురు మోకాళ్లకు ఆనించి ఐదేసి నిమిషాలు ఉండగలగడం నాకు గర్వంగా ఉండేది. తొడ వెనుక పట్టేసినట్టు అనిపించినప్పుడల్లా ఇంకాస్త వంగేదాన్ని. లేచాక అరగంట హాయిగా ఉండేది, మధ్యాహ్నానికి మళ్లీ బిగుసుకునేది. సాయంత్రం మళ్లీ సాగదీసేదాన్ని. ఆ అరగంట హాయే నన్ను అన్ని నెలలూ దారి తప్పించింది.

మొదట చూసిన డాక్టరు సయాటికా, అంటే నడుము దగ్గర నరం ఒత్తుకుని కాల్లోకి పాకే నొప్పి అన్నారు. స్కానింగ్‌లో నడుము దగ్గర ఒక డిస్కు కొద్దిగా ఉబ్బినట్టు కనిపించింది. నలభై దాటినవారిలో ఏ నొప్పీ లేకపోయినా అలా కనిపించడం మామూలేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మాత్రలతో పాటు కాలు సాగదీసే వ్యాయామాలు రాసిచ్చారు, శ్రద్ధగా చేశాను. నొప్పి తగ్గకపోగా కొత్త బాధ ఒకటి తోడైంది. సల్వార్ తొడుక్కోవడానికి ఎడమ కాలి మీద నిలబడితే ఒళ్లు తూలేది, మంచం అంచు పట్టుకోవలసి వచ్చేది. మెట్లు దిగేటప్పుడు ఆ కాలు నాది కాదేమో అన్నంత అపనమ్మకం.

వ్రతం తరువాతి వారం ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లాను. నాకంటే చాలా చిన్నమ్మాయి. నన్ను బోర్లా పడుకోబెట్టి, ఆ ఎముక మీద సరిగ్గా ఒకేచోట బొటనవేలితో నొక్కింది. ఉలిక్కిపడ్డాను. తరువాత అద్దం ముందు ఎడమ కాలి మీద నిలబెట్టింది. నా కుడి తుంటి కిందికి జారిపోవడం, మోకాలు లోపలికి వాలిపోవడం నా కళ్లతో నేనే చూశాను. "మేడమ్, మీ కాలికి సాగే గుణం కావలసినంత ఉంది. బలమే లేదు" అంది.

ఆమె విప్పి చెప్పింది. తొడ వెనుక కండరాలను పిర్ర ఎముకకు పలుపులా కట్టి ఉంచేది టెండన్. ముందుకు వంగినప్పుడు ఆ పలుపు ఎముక అంచుకు ఒత్తుకుని నలుగుతుంది. దెబ్బతిన్న టెండన్‌ను రోజూ అలా లాగి నలుపుతుంటే మానేదెలా? బిగుతు సంగతీ అప్పుడే అర్థమైంది. నొప్పి ఉన్నచోట కండరాన్ని శరీరం బిగబట్టి కాపాడుకుంటుంది. సాగదీస్తే లాగుడును ఓర్చుకునే శక్తి కాసేపు పెరుగుతుంది, అంతే. నేను పొందిన హాయి అదే.

ఆ తరువాత దొరికినవన్నీ చదివాను. 2000లో కెనడా పరిశోధకులు పిక్క కండరాన్ని అరగంటకు పైగా సాగదీయించి కొలిస్తే, బలం వెంటనే 28 శాతం తగ్గింది, గంట తరువాత కూడా 9 శాతం తక్కువే. అంతసేపు ఎవరూ చేయరనుకోండి. ఒక్కో కండరాన్ని 60 సెకన్ల లోపు సాగదీస్తే ఆ తగ్గుదల చాలా స్వల్పం, అదీ తాత్కాలికమే. కాబట్టి నా కాలు బలహీనపడ్డ నేరం సాగదీయడం ఒక్కదాని మీదే మోపను. నొప్పికి భయపడి ఆ కాలి మీద నెలల తరబడి బరువే వేయలేదు. బరువు మోయని కండరం బలాన్ని నిలుపుకోదు.

మొదటి పాఠం చూడడానికి చాలా తేలిక. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, నడుము పైకెత్తి 40 సెకన్లు నిలపాలి, అలా ఐదుసార్లు. ఇరవై దగ్గరే ఎడమ తొడ గడగడ వణికింది. నియమం ఒక్కటే. నొప్పి పదికి మూడు దాటకూడదు, మర్నాటి ఉదయానికి మామూలు స్థితికి రావాలి. ఆరు వారాలకు అదే పని ఒంటికాలితో చేయగలిగాను. మూడు నెలలకు రెండు చేతుల్లో ఐదేసి కిలోల బియ్యం సంచులు పట్టుకుని, వీపు నిటారుగా ఉంచి, తుంటి దగ్గర వంగి లేవడం మొదలుపెట్టాను.

ఐదో నెలలో ఒళ్లు తేలికపడిందన్న సంతోషంలో ఒక ఉదయం పాత పద్ధతిలో పూర్తిగా వంగాను. నుదురు మోకాళ్లకు తాకింది. మూడు రోజులు కుర్చీలో కూర్చోలేకపోయాను. ఆ మూడు రోజులూ పడ్డ దిగులు అసలు నొప్పి కంటే ఎక్కువ.

ఇప్పటికి పద్నాలుగు నెలలు. 24 కిలోలు ఎత్తుతున్నాను. మంచం అంచు పట్టుకోకుండా సల్వార్ తొడుక్కుంటున్నాను. చెక్కబల్ల మీద గంట దాటితే మాత్రం ఆ ఎముక ఇంకా సలుపుతుంది. ఆసనాలు మానలేదు. వ్యాయామం అయ్యాక, మోకాళ్లు కొద్దిగా మడిచి, 30 సెకన్లు మాత్రమే వంగుతాను.

కిందటి వారం మా చెల్లెలు ఫోను చేసింది. "అక్కా, తొడ వెనుక పట్టేసింది, ఏ ఆసనం వేయమంటావు?"

"ముందు ఆ ఒక్క కాలి మీద నిలబడు, నేను లెక్కపెడతాను" అన్నాను.

పదకొండు దగ్గర గోడ పట్టుకుంది.