రెండు సెకన్ల టకటక

"తలుపు గడియ వేశారా? నిజంగా వేశారా?" అని డాక్టరు గారు ఈరోజు కావాలనే అడిగినప్పుడు, తమ్ముడి వేళ్లు కుర్చీ చేతిని బిగించి పట్టుకోవడం చూశాను. ఓసీడీకి, అంటే వద్దనుకున్నా అదే అనుమానం వచ్చి అదే పని మళ్లీ మళ్లీ చేయించే మానసిక సమస్యకు, చేసే ఈ అయస్కాంత చికిత్సలో ముందుగా ఆ భయాన్ని కొద్దిగా రేపుతారు. అనుమానం తిరిగే మెదడు వలయాలు మేల్కొని ఉన్నప్పుడే తరంగాలు వాటిపై పనిచేయాలన్నది ఉద్దేశం.

తర్వాత చెవుల్లో ఇయర్‌ప్లగ్‌లు, తలకు హెల్మెట్. రెండు సెకన్ల పాటు వడ్రంగిపిట్ట కొట్టినట్టు టకటకమనే చప్పుడు, 20 సెకన్ల విరామం, మళ్లీ చప్పుడు. ఇలా 50 సార్లు. మత్తు లేదు, కోత లేదు. వాడు మెలకువగానే ఉండి, ఆ 18 నిమిషాలూ నన్నే చూస్తూ కూర్చున్నాడు.

2018లో అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని అనుమతించడానికి ఆధారమైన పరీక్షలో, అసలు చికిత్స పొందినవారిలో 38 శాతం మందికి, ఉత్తుత్తి చికిత్స పొందినవారిలో 11 శాతం మందికి లక్షణాలు చెప్పుకోదగినంతగా తగ్గాయి. సగం మందికైనా కాదు, నిజమే. కానీ ఏళ్ల తరబడి మందులు వాడుతూ కూడా అర్ధరాత్రి లేచి తలుపు దగ్గర నిలబడే మనిషిని చూసినవారికి అది చిన్న సంఖ్య కాదు.

ఇంటికి వచ్చాక గడియను ఆరుసార్లు చూసుకున్నాడు. నిన్న పదకొండు. ఇంకా మూడో వారమే కనుక కారణం చికిత్సేనని ఇప్పుడే అనలేను, వాడితోనూ అనలేదు.